సెకండ్ హ్యాండ్ ఇన్నోవా: డీజిల్ క్రిస్టానా, హైబ్రిడ్ హైక్రాసా? కిలోమీటర్ లెక్క వేస్తే అసలు సంగతి తెలుస్తుంది!

ఇంట్లో ఆరేడుగురు మనుషులు. సంక్రాంతికి ఊరెళ్లాలి, వేసవిలో తిరుపతి, మధ్యలో పెళ్లిళ్లు. ఐదు సీట్ల కారు సరిపోదు. కొత్త ఇన్నోవా ఆన్‌రోడ్ ధర అడిగితే కళ్లు తిరుగుతాయి. అందుకే తెలుగు రాష్ట్రాల్లో చాలా కుటుంబాలు సెకండ్ హ్యాండ్ వైపే చూస్తున్నాయి. ఇక్కడే అసలు డైలమా మొదలవుతుంది. పక్కపక్కనే రెండు బండ్లు కనిపిస్తాయి. ఒకటి డీజిల్ ఇన్నోవా క్రిస్టా, రెండోది హైబ్రిడ్ ఇన్నోవా హైక్రాస్. "డీజిల్ అయితే పదేళ్లు ఢోకా లేదు" అని ఒకరు, "ఇప్పుడు డీజిల్ ఏంటండీ, హైబ్రిడ్ తీసుకోండి, మైలేజ్ అదిరిపోద్ది" అని ఇంకొకరు చెబుతారు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. కానీ ఆ నిజం మీ వాడకానికి సరిపోతుందా లేదా అన్నది ఎవరూ చెప్పరు. లక్షల్లో తేడా వచ్చేది కూడా అక్కడే.

యూరప్‌లో ఇలాంటి కుటుంబాలు ఎస్టేట్ కార్లు కొంటాయి. అంటే వెనక డిక్కీ పొడవుగా ఉండే సెడాన్ లాంటి బండ్లు. మన దగ్గర కూడా ఇండిగో మెరీనా, బలెనో ఆల్టురా లాంటివి వచ్చాయి, పోయాయి. జనం పట్టించుకోలేదు. ఆ స్థానాన్ని 2000లో వచ్చిన క్వాలిస్, 2005లో వచ్చిన ఇన్నోవా ఆక్రమించేశాయి. ఎమ్మెల్యే కాన్వాయ్ నుంచి పెళ్లి బృందం దాకా అదే బండి. సెకండ్ హ్యాండ్‌లో దాని రేటు తొందరగా పడిపోకపోవడానికి ఆ డిమాండే కారణం.

ముందు ఈ రెండు బండ్ల తేడా చూద్దాం

క్రిస్టా 2016 మేలో మన మార్కెట్‌లోకి వచ్చింది. ఎక్కువగా దొరికేది 2.4 లీటర్ డీజిల్, 5 గేర్ల మాన్యువల్, 150 పీఎస్ పవర్. మొదట్లో ఆటోమేటిక్ కావాలంటే 2.8 లీటర్ ఇంజిన్ ఇచ్చేవారు. బాడీ కింద లారీకి ఉన్నట్టు చాసిస్ ఫ్రేమ్ ఉంటుంది, వెనక చక్రాలు తిరుగుతాయి. లోడుతో ఘాట్ ఎక్కినా, ఊరి గతుకుల రోడ్డు మీద తిప్పినా తట్టుకుంటుందని పేరు.

హైక్రాస్ పూర్తిగా వేరే జాతి. 2022 నవంబర్‌లో చూపించారు, డెలివరీలు 2023లో మొదలయ్యాయి. డీజిల్ అసలు లేదు. ఫ్రేమ్ లేదు, కారు లాంటి మోనోకాక్ బాడీ, ముందు చక్రాల డ్రైవ్. హైబ్రిడ్ వెర్షన్‌లో 2 లీటర్ పెట్రోల్ ఇంజిన్‌కు తోడుగా ఎలక్ట్రిక్ మోటార్, నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ఉంటాయి. రెండూ కలిపి 186 పీఎస్. దీనికి ఛార్జింగ్ పెట్టాల్సిన పని లేదు. బ్రేక్ వేసినప్పుడు, ఇంజిన్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దానంతట అదే ఛార్జ్ అవుతుంది. ట్రాఫిక్‌లో మెల్లగా కదిలేటప్పుడు ఇంజిన్ ఆగిపోయి మోటార్ మీదే వెళ్తుంది. ఏసీ కంప్రెసర్ కూడా కరెంటుతోనే నడుస్తుంది. అంటే మే నెల మధ్యాహ్నం కూకట్‌పల్లి జామ్‌లో ఇరుక్కున్నా, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కూడా ఏసీ చల్లగా వస్తుంది. కంపెనీ చెప్పే మైలేజ్ లీటరుకు 23.24 కిలోమీటర్లు. ఇదే బండి 2023 జులై నుంచి మారుతి ఇన్విక్టో పేరుతో కూడా వస్తోంది. సెకండ్ హ్యాండ్‌లో హైక్రాస్ వెతికేవాళ్లు దాన్ని కూడా ఒకసారి చూడటం మంచిది. పేరు వేరు, బండి ఒకటే.

అన్ని 'హైబ్రిడ్'లూ హైబ్రిడ్ కాదు!

చాలా మంది ఇక్కడే బోల్తా పడుతున్నారు. హైక్రాస్ అనగానే హైబ్రిడ్ అనుకోవద్దు. జీ, జీఎక్స్ వేరియంట్లు మామూలు పెట్రోల్ బండ్లు. వాటికి కంపెనీ చెప్పే మైలేజే 16.13. వీఎక్స్, జెడ్ఎక్స్ వేరియంట్లే హైబ్రిడ్. ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ప్రకటనలో "హైక్రాస్ 2023, సింగిల్ హ్యాండ్, సూపర్ కండిషన్" అని మాత్రమే ఉంటే, మొదట అడగాల్సింది వేరియంట్ పేరే.

ఇంకో రకం గందరగోళం ఎర్టిగా దగ్గర ఉంది. మారుతి 2015 నుంచి డీజిల్ ఎర్టిగాకు 'ఎస్‌హెచ్‌వీఎస్' అని, తర్వాత పెట్రోల్ బండికి 'స్మార్ట్ హైబ్రిడ్' అని పేరు పెట్టింది. ఇది మైల్డ్ హైబ్రిడ్. చిన్న మోటార్ ఇంజిన్‌కు కాస్త సాయం పడుతుంది, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తుంది. అంతే. కేవలం కరెంటు మీద ఒక్క మీటరు కూడా వెళ్లదు. ఆర్సీలో కూడా కొన్నిసార్లు 'హైబ్రిడ్' అనే పడుతుంది కాబట్టి, దాన్ని చూపించి రేటు పెంచితే నమ్మొద్దు. బండి మంచిదే, ఆ మాటకే అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు.

కిలోమీటర్‌కు ఎంత? లెక్క ఇదీ

ఇక అసలు విషయానికి వద్దాం. హైబ్రిడ్ కొనేవాళ్లు చెప్పే మొదటి కారణం ఇంధనం ఆదా. దాన్ని రూపాయల్లో పెట్టి చూద్దాం. లెక్క కోసం పెట్రోల్ లీటరు రూ.107, డీజిల్ రూ.96 అనుకుందాం. కంపెనీ చెప్పే మైలేజ్ పక్కన పెట్టి, రోడ్డు మీద వచ్చేదాన్ని కాస్త తగ్గించి తీసుకుందాం.

సిటీ, హైవే కలిపి తిరిగే ఇంట్లో క్రిస్టా డీజిల్ 12, హైక్రాస్ హైబ్రిడ్ 16 ఇస్తాయనుకుంటే, డీజిల్‌కు కిలోమీటర్‌కు రూ.8, హైబ్రిడ్‌కు దాదాపు రూ.6.70 పడుతుంది. తేడా రూ.1.30. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగితే మిగిలేది రూ.15,750 మాత్రమే. అంటే నెలకు సుమారు రూ.1,300.

అదే హైదరాబాద్ ట్రాఫిక్‌లోనే రోజూ తిరిగితే కథ మారుతుంది. ఆగుతూ కదులుతూ వెళ్లే రోడ్డులో డీజిల్ 9.5కు పడిపోయిందనుకుందాం. హైబ్రిడ్ మాత్రం 16.5 దగ్గరే నిలబడుతుంది, ఎందుకంటే ఆ రోడ్డు దానికి అనుకూలం. అప్పుడు తేడా కిలోమీటర్‌కు రూ.3.60 దాటుతుంది. అదే 12 వేల కిలోమీటర్లకు ఏడాదికి రూ.43 వేలు మిగులుతాయి.

మరి హైవే మీద? విజయవాడ హైవే ఎక్కి ఒకే స్పీడులో వెళ్తే డీజిల్ 14.5 ఇస్తుందనుకోండి, కిలోమీటర్‌కు రూ.6.62. హైబ్రిడ్ 16 ఇచ్చినా రూ.6.69. అంటే హైవే మీద హైబ్రిడ్‌కు వచ్చే లాభం దాదాపు సున్నా! బ్రేక్ వేసే అవసరం లేని చోట బ్యాటరీకి చేసే పని తక్కువ. ఇంజిన్ ఎక్కువసేపు తిరుగుతూనే ఉంటుంది. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. లీటర్ ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజ్ కొద్దిగా తగ్గడం సహజం.

ఇప్పుడు ఈ ఆదాను ధర తేడాతో పోల్చండి. రెండు బండ్ల మధ్య తేడా ఎంత ఉన్నా సరే, ప్రతి అదనపు లక్షకు 12 శాతం వడ్డీతో ఐదేళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ నెలకు సుమారు రూ.2,225. ఏడాదికి దాదాపు రూ.26,700. మిక్స్‌డ్ వాడకంలో హైబ్రిడ్ మిగిల్చేది రూ.15,750 అని చూశాం. అంటే ఆ ఆదా కనీసం లక్ష రూపాయల తేడాకు కూడా చాలదు. సిటీలో అయితే లక్షా 60 వేల దాకా తేడాను భరిస్తుంది. కానీ మార్కెట్‌లో 2018 క్రిస్టాకు, 2023 హైక్రాస్ హైబ్రిడ్‌కు మధ్య తేడా లక్షల్లో ఉంటుంది. "మైలేజ్‌లో డబ్బులు వచ్చేస్తాయి సార్" అనే మాట అందుకే నిలబడదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఎక్కువ పెట్టి కొన్న డబ్బంతా పోయినట్టు కాదు. అమ్మేటప్పుడు కొంత వెనక్కి వస్తుంది. ఐదేళ్లు కొత్త బండి కాబట్టి సేఫ్టీ ఫీచర్లు, సీట్ల సౌకర్యం, వారంటీ కూడా ఆ ధరలో భాగమే. వాటి కోసం కొంటే హైబ్రిడ్ సరైన ఎంపికే. మైలేజ్ కోసమే కొంటే మాత్రం పొరపాటు.

డీజిల్ బండిలో తేడా 2020 దగ్గర

డీజిల్ క్రిస్టాను ఒకే బండిగా చూడకూడదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చింది. అంతకుముందు బీఎస్-4 బండ్లు. తేడా సైలెన్సర్ వైపు ఉంటుంది. బీఎస్-6 డీజిల్‌లో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పొగలోని మసిని అది పట్టుకుంటుంది. నిండాక ఆ మసిని బాగా వేడెక్కించి కాల్చేసుకుంటుంది. అలా కాలాలంటే బండి కాసేపు ఆగకుండా హైవే స్పీడులో వెళ్లాలి. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపి, కూరగాయలు తెచ్చుకుని, రెండు మూడు కిలోమీటర్లకే ఇంజిన్ ఆపేసే ఇంట్లో ఆ అవకాశం రాదు. డ్యాష్‌బోర్డు మీద లైట్ వెలుగుతుంది. పట్టించుకోకపోతే బండి పవర్ తగ్గించేసుకుంటుంది. ఇక అక్కడి నుంచి సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగడమే. ఎవరైనా "డీపీఎఫ్ తీసేయించాం, ఇప్పుడు ఫ్రీగా ఉంది" అని గొప్పగా చెబితే ఆ బండిని అక్కడే వదిలేయండి. అది కాలుష్య నిబంధనలకు విరుద్ధం, రేపు ఫిట్‌నెస్‌లో మీకే తలనొప్పి.

బీఎస్-4 క్రిస్టాకు ఆ గొడవ లేదు. బయటి మెకానిక్‌కు కూడా బాగా అలవాటైన బండి. కానీ వయసు ఎక్కువ. 2017 బండి అంటే రిజిస్ట్రేషన్ 2032 దాకా. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష, రెన్యువల్ ఫీజు, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఢిల్లీలో ఉన్నట్టు పదేళ్ల డీజిల్ కారు రోడ్డెక్కకూడదన్న నిబంధన మన రెండు రాష్ట్రాల్లో ప్రైవేటు కార్లకు లేదు. ఆ విషయంలో అనవసరంగా భయపెట్టే వాట్సాప్ మెసేజీలు చాలానే తిరుగుతుంటాయి.

ఢిల్లీ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో మాట. 2015 నాటి ఎన్జీటీ ఆదేశాలు, తర్వాత సుప్రీంకోర్టు వాటిని సమర్థించడంతో అక్కడి డీజిల్ బండ్లు చవగ్గా ఇతర రాష్ట్రాలకు వచ్చాయి. కోర్టు ఆదేశాలు తర్వాత మారుతూ వచ్చినా, 'డీఎల్' నంబర్ ఇన్నోవాలు ఇక్కడి కన్సల్టెన్సీల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. రేటు చూసి ఆశపడేముందు లెక్క పూర్తిగా వేయాలి. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ ఉందా? ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుంది? మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి బండి ఉంచితే కొత్త నంబర్ తీసుకోవాల్సిందేనని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ట్యాక్స్ కూడా కలిపితే ఆ చౌక బేరం చాలాసార్లు లోకల్ బండి ధరకే వచ్చి ఆగుతుంది.

అసలు ప్రమాదం: ట్రావెల్స్ బండి

క్రిస్టా కొనేవాళ్లకు ఇంజిన్ కంటే పెద్ద భయం ఇదే. ఈ బండి ట్యాక్సీగా, ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులకు, కంపెనీ స్టాఫ్‌కు లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. ఆ తర్వాత సీటు కవర్లు మార్చి, పాలిష్ కొట్టి, మీటర్ తిప్పి "డాక్టర్ గారి బండి, 68 వేలే తిరిగింది" అని అమ్మేస్తారు. మీటర్ మీద కనిపించే అంకె ఒక్కటే చూసి డబ్బు ఇస్తే, రెండేళ్ల తర్వాత క్లచ్, ఇంజెక్టర్లు, టర్బో ఒకదాని తర్వాత ఒకటి చెయ్యి చాస్తాయి. ఇంజెక్టర్ల బిల్లు వేలల్లో ఆగదు.

తెలుగు రాష్ట్రాల్లో ట్యాక్సీలు, లారీలకు టీ, యూ, వీ లాంటి అక్షరాలతో మొదలయ్యే సిరీస్ నంబర్లు ఇస్తారు. కాబట్టి పసుపు ప్లేటు తీసేసి తెల్లది బిగించినా సిరీస్ చూస్తే అనుమానం రావాలి. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి వాహనం క్లాస్, ఎన్నో ఓనర్, ఫైనాన్స్, ఇన్సూరెన్స్ వివరాలు చూడండి. ట్యాక్సీ నుంచి ప్రైవేటుకు మారిన బండి అయితే ఆర్టీఏ రికార్డులో ఆ చరిత్ర ఉంటుంది. ఏపీలో ఇంకో చిక్కు ఉంది. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ ఇవ్వడంతో నంబర్ చూసి ఏ జిల్లా బండో చెప్పలేం. ఆర్సీలో అడ్రస్ చూడాల్సిందే.

కానీ తెల్ల ప్లేటుతోనే ట్రావెల్స్‌కు తిరిగిన బండ్లూ ఉంటాయి. వాటిని పట్టుకోవాలంటే కాగితాలు, బండి ఒకే కథ చెబుతున్నాయో లేదో చూడాలి. ఓనర్‌ను వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్తే, ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీస్ అయిందో రికార్డు చూపిస్తారు. 2021లో లక్షా 40 వేలు ఉన్న బండి 2024లో 90 వేలు చూపిస్తోందంటే ఇంకేం అడగక్కర్లేదు. "షోరూం ట్రాక్ ఉంది" అని నోటితో చెబితే సరిపోదు, ప్రింట్ కావాలి. టైర్ పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. మీటర్ 35 వేలు అంటూ టైర్లు అప్పటికే రెండోసారి మారి ఉంటే లెక్క కుదరదు. ఓనర్ ఇష్టపడితే ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ అడగండి. వారానికి నాలుగుసార్లు శంషాబాద్ వైపు టోల్ పడి ఉంటే ఆ బండి ఎవరి కోసం తిరిగిందో అర్థమైపోతుంది. ఇక మూడో వరుస సీట్లు చూడండి. సొంత బండిలో అవి కొత్తగానే ఉంటాయి. అరిగిపోయిన పెడల్ రబ్బర్లు, నున్నగా మెరిసే స్టీరింగ్, కుంగిన డ్రైవర్ సీటు ఇవేవీ మీటర్‌తో పాటు వెనక్కి తిరగవు.

డీజిల్ బండి చూడటానికి వెళ్లేముందు ఒక్కటే షరతు పెట్టండి: మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు. రాత్రంతా చల్లబడిన ఇంజిన్‌ను మీ ముందే స్టార్ట్ చేయించాలి. అప్పుడు వచ్చే నీలం పొగ ఆయిల్ కాలుతోందని, ఆగకుండా వచ్చే తెల్ల పొగ ఇంజెక్టర్ లేదా కంప్రెషన్ సమస్య ఉండొచ్చని చెబుతుంది. వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి. తర్వాత హైదరాబాద్ అయితే ఔటర్ రింగ్ రోడ్ మీద, లేకపోతే దగ్గర్లోని హైవే మీద కనీసం అరగంట నడపండి. సందులో రౌండ్ కొట్టి తెచ్చే టెస్ట్ డ్రైవ్‌లో ఏమీ తెలియదు.

హైబ్రిడ్‌లో బ్యాటరీ భయం ఎంతవరకు నిజం?

"బ్యాటరీ పోతే బండి పోయినట్టే" అనే మాట గట్టిగా వినిపిస్తుంది. టయోటా మన దేశంలో హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా లక్షా 60 వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఇస్తోంది. 2023 జనవరిలో డెలివరీ అయిన బండికి 2031 జనవరి దాకా ఉన్నట్టు. అయితే కిలోమీటర్లు కూడా ముఖ్యం. మూడేళ్లలో లక్షా 20 వేలు తిరిగిన హైక్రాస్ కొంటే మీకు మిగిలేది 40 వేలే. అందుకే హైబ్రిడ్‌లో సంవత్సరం కంటే మీటర్ మీదే ఎక్కువ దృష్టి పెట్టాలి. చాసిస్ నంబర్ ఇచ్చి, ఈ బండికి బ్యాటరీ వారంటీ ఇంకా ఉందా, మీ పేరుకు మారాక కూడా వర్తిస్తుందా అని సర్వీస్ సెంటర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. సర్వీసులు బయట చేయించిన బండి అయితే ఈ కాగితం ఇంకా ముఖ్యం.

వారంటీ ఉన్నంతకాలం హైబ్రిడ్‌లో ఖర్చయ్యే భాగాలు నిజానికి తక్కువే. ఇందులో క్లచ్ లేదు. ఈ-సీవీటీ అని పిలిచే గేర్‌బాక్స్‌లో మామూలు సీవీటీలా బెల్టు ఉండదు, గేర్ల సెట్‌తోనే పని జరుగుతుంది. మోటారే చాలావరకు వేగం తగ్గించేస్తుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు నెమ్మదిగా అరుగుతాయి. మరోవైపు సమస్య వస్తే ఊళ్లో షెడ్డులో అయ్యే పని కాదు. ఉండేది సర్వీస్ సెంటర్‌కు 100 కిలోమీటర్ల దూరంలో అయితే ఆ దూరాన్ని కూడా ధరలో కలుపుకోవాలి.

చూడాల్సింది ఏంటంటే, బండి మెల్లగా కదిలేటప్పుడు ఇంజిన్ ఆగి మోటార్ మీద వెళ్తోందా? స్క్రీన్ మీద బ్యాటరీ గీతలు ఒక్కసారిగా పడిపోయి, వెంటనే పెరుగుతున్నాయా? అలా ఎగిరి దూకుతుంటే బ్యాటరీ చెక్ చేయించకుండా ముందుకు వెళ్లొద్దు. బ్యాటరీకి చల్లగాలి తీసుకునే జాలి ఎక్కడుందో ఓనర్ మాన్యువల్‌లో చూసి, అది దుమ్ముతో, బిస్కెట్ ముక్కలతో మూసుకుపోయిందేమో గమనించండి. నారింజ రంగు వైర్లు హై వోల్టేజీవి. వాటి దగ్గర టేపు చుట్టిన గుర్తులు, బయట బిగించిన హారన్లు, లైట్ల వైరింగ్ కనిపిస్తే జాగ్రత్త. కంపెనీలో హైబ్రిడ్ సిస్టమ్ చెక్ చేయించి రిపోర్ట్ తీసుకోవడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే అదే మీకు సమాధానం.

అన్నట్టు, తక్కువ తిరిగిన బండి అనగానే మంచిదని సంబరపడొద్దు. ఓనర్ అమెరికా వెళ్లిపోయి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఏడాదిగా నిలిచిపోయిన బండ్లు హైదరాబాద్‌లో చాలానే అమ్మకానికి వస్తున్నాయి. హైబ్రిడ్ అయినా డీజిల్ అయినా కదలకుండా ఉంటే పాడవుతుంది. చిన్న 12 వోల్ట్ బ్యాటరీ దిగిపోతే హైబ్రిడ్ అసలు స్టార్టే కాదు. టైర్లు ఒకవైపు చదును అవుతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి.

సెల్లార్ అంటే నీళ్లు కూడా గుర్తుకు రావాలి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ, ఖమ్మం వరదల్లో వందలాది కార్లు మునిగాయి. బాగుచేసి అమ్మినవి ఇంకా చేతులు మారుతూనే ఉంటాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద గీత అక్కడ దాక్కుంటుంది. సీటు కింద పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా, కార్పెట్ లేపితే ఇసుక ఉందా అని చూడండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ అడగండి. మునిగిన డీజిల్ కూడా నష్టమే, కానీ మునిగిన హైబ్రిడ్‌ను ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకపోవడమే మేలు.

మరి ఎవరికి ఏది?

రోజూ సిటీలో 40, 50 కిలోమీటర్లు తిరిగేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవాళ్లు, బడ్జెట్ అందితే వారంటీ బాగా మిగిలిన హైక్రాస్ హైబ్రిడ్ లేదా ఇన్విక్టో చూడొచ్చు. ఈ వాడకానికి బీఎస్-6 డీజిల్ సరైన బండి కాదు. వారం వారం ఊరెళ్లేవాళ్లు, పొలం రోడ్డు ఎక్కేవాళ్లు, నిండా మనుషులు, సామానుతో శ్రీశైలం ఘాట్, పాడేరు ఘాట్ ఎక్కేవాళ్లకు చరిత్ర తేలిన డీజిల్ క్రిస్టానే నయం. అందులో అదనంగా పెట్టాల్సిన లక్షలు ఇంట్లోనే ఉంటాయి.

ఇక నెలకు 400 కిలోమీటర్లు కూడా తిరగని ఇళ్లు చాలా ఉన్నాయి. ఏడాదికి 5 వేల కిలోమీటర్లే తిరిగితే మిక్స్‌డ్ వాడకంలో హైబ్రిడ్ మిగిల్చేది రూ.6,500 చుట్టూ. వాళ్లకు డీజిల్, హైబ్రిడ్ చర్చే అనవసరం. పెట్రోల్ ఎర్టిగా, లేదా పెట్రోల్ క్రిస్టా దొరికితే మెయింటెనెన్స్ తక్కువలో పని అయిపోతుంది.

బేరం దగ్గర మర్చిపోకూడనివి

2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్లకు పాత జీఎస్టీ, సెస్ పోయి 40 శాతం జీఎస్టీ వచ్చింది. కొత్త బండ్ల ధరలు తగ్గాయి. అంతకుముందు పన్ను ఎక్కువగా ఉన్న డీజిల్‌కు తగ్గింపు ఇంకా ఎక్కువ. కాబట్టి "మేం అప్పుడు ఇంత పెట్టి కొన్నాం" అంటూ పాత ఇన్వాయిస్ చూపిస్తే దాని ఆధారంగా బేరం మొదలుపెట్టొద్దు. ఇవాళ అదే బండి కొత్తది ఎంతకు వస్తుందో కనుక్కుని అక్కడి నుంచి కిందకి రండి. డీలర్ దగ్గర కొంటే పాత కార్లకు 18 శాతం జీఎస్టీ అంటారు. అది బండి మొత్తం ధర మీద కాదు, డీలర్ లాభం మీదే. ఓనర్ నుంచి నేరుగా కొంటే ఆ జీఎస్టీ ఉండదు.

లోన్ ఉన్న బండి అయితే బ్యాంక్ ఎన్ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే చివరి చెల్లింపు చేయండి. ట్రాఫిక్ చలాన్లు ఈ-చలానా సైట్‌లో చూసుకోండి. ఫారం 29, 30 సంతకాలు పెట్టించుకుని, ఓనర్‌షిప్ బదిలీకి వెంటనే అప్లై చేయండి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోపు మీ పేరుకు మార్చుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనర్‌కే చెందుతుంది, అది మీకు రాదు కాబట్టి ప్రీమియం పెరుగుతుంది. అమ్మేవాళ్లకూ ఒక హెచ్చరిక. ఆర్సీలో పేరు మారేదాకా యాక్సిడెంట్ పరిహారం బాధ్యత రిజిస్టర్డ్ ఓనర్‌దేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. బండి ఇచ్చేశాం కదా అని ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి బ్రోకర్ చేతిలో పెడితే, అది ఎవరి చేతికి వెళ్లిందో తెలియకుండానే కేసు మీ ఇంటికొస్తుంది.